అమ్మ పాటల ఫైలు

మాది జమ్మలమడుగు. నేను ప్రొద్దుటూరులో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. నాయన గుమాస్తాగా రిటైరయ్యాక నా పాత కంప్యూటరు ఆయనకిచ్చాను. చేయి వణుకుతుంది, మౌసు నిలవదు. అందుకని నల్లటి తెర మీద కమాండ్లు టైపు చేయడం నేర్పాను. మీటలు కొట్టడం ఆయనకు ఉద్యోగంలోనే అలవాటు.

అమ్మది తొండూరు. కలుపు తీసేటప్పటి పాటలు, పెళ్లి పాటలు, జోలపాటలు ఎన్ని వచ్చో ఆమెకే తెలియదు. రికార్డు చేస్తానంటే ఒప్పుకునేది కాదు. "నా గొంతేంది, దాన్ని ఫోన్లో పెట్టేదేంది, పోమ్మా" అనేది. మంచాన పడ్డాక మాత్రం ఆమె మెల్లగా మాటలు చెబుతుంటే నాయన టైపు చేశాడు. ఒక్కో పాట ఒక్కో పొడుగాటి లైను. అన్నీ 'పాటలు' అనే ఒకే ఫైల్లో.

అమ్మ పోయిన కొన్నాళ్లకు నాయన ఫోన్ చేశాడు.

"పాటలు యాడా కనపడల్యామ్మా. అక్షరాల వరసలో పెడదామనుకుంటి, అంతే."

ఏం కొట్టాడో చదవమన్నాను. సార్ట్ < పాటలు > పాటలు.

మొదటి గుర్తు ఫైల్లోంచి తీసుకోమని, రెండోది ఫైల్లో రాయమని. తీసుకో, సర్దు, మళ్లీ అందులోనే పెట్టు. వంటింట్లో డబ్బాలు సర్దేదీ అట్లాగే కదా, ఆయన తప్పేముంది? కానీ కమాండ్లను అందుకునే ఆ షెల్ ఉందే, పాపిష్టిది, వరసలో సర్దే సార్ట్‌ను పిలవకముందే రాయబోయే ఫైలును ఖాళీ చేసి కూర్చుంటుంది. ఇక చదవడానికి అందులో ఏమీ మిగలదు. ఒక్క మాట అడగదు కూడా.

బస్సెక్కి పోయాను. ఎక్కడైనా కాపీ ఉందేమోనని, ఫైళ్ల పేర్లు చూపించమంటూ 'పాట*' అని కొట్టాను. ఆ నక్షత్రం గుర్తు 'పాట'తో మొదలయ్యే పేర్లన్నీ ఏరి తెస్తుంది. ఒక్క పేరే తెచ్చింది. సైజు సున్నా.

"పోయినాయా?" అన్నాడు నాయన.

"పోయినాయి నాయనా."

అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పాడే వరసలు గుర్తుండాయి. మాటలు రాసిపెట్టినా కదా అని మనసులో పెట్టుకోల్యా."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మాత్రం కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"నీకు పాడేది కదా, ఆ జోలపాట. అదన్నా చెప్పు, కొడతా."

చెప్పాను. రెండు చరణాలు కొట్టి, మీటల మీద వేళ్లు అట్లాగే పెట్టుకుని నా వైపు చూశాడు.

"తర్వాత?"

తర్వాతది నాకు తెలియదు. ఏనాడూ అంతదాకా నేను మేలుకుని లేను.