వారం తెలవని పరశురాములు

మెట్‌పల్లి పరశురాములుకు ఇయ్యాల ఏం వారమో ఎప్పుడూ తెలవదు. ఇంట్ల మూడు క్యాలెండర్లున్నయి, చేతికి తారీకు చూపెట్టే గడియారముంది. అయినా ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మంథనిల రామచంద్రానికి ఫోన్ కొట్టుడే.

"తమ్మీ, ఇయ్యాల ఏం వారం?"

"ఆదివారం."

"పక్కానా? సోమవారమైతే కాదు గద?"

"మటన్ దుకాణం కాడ లైన్ కనవడుతుందన్నా. ఆదివారమే!"

"అయితే మనం విటమిన్ డి గోలి ఏసుకునే దినం. జర నీ గోలి తీసి రంగు చెప్పు. నాది అదో కాదో చూసుకుంట."

రామచంద్రం తిట్టుకుంట లేచి, డబ్బ దేవులాడి, గోలి చేతుల వెట్టుకొని రంగు చెప్పేటోడు. చేతులకొచ్చినదాన్ని మళ్ల డబ్బల ఎవడేస్తడు? మింగేటోడు.

వీళ్లిద్దరికీ దోస్తానా కుదిరింది కరీంనగర్ దవఖాన బెంచి మీద. ఇద్దరివీ ఇంకొకళ్లిచ్చిన కిడ్నీలే. పరశురాములుకు పెండ్లాం ఇచ్చింది. రామచంద్రానికి కన్న అవ్వ ఇచ్చింది, పోయిన ఏడు ఆమె కాలం చేసింది. అప్పటిసంది ఆ ఇంట్ల తిన్నవా అని అడిగెటోళ్లు లేరు. రోజు మందులు ఎట్లనో మింగుతుండు గని, వారానికొక్క గోలి యాది మరిచిండు. చాయి బిస్కెట్లతోటే రెండు పూటలు ఎల్లదీసిండు. ఎముకలు గుల్లవారుతున్నయని డాక్టర్ చెప్పినా ఫికర్ చేయలే.

వాడకట్టోళ్లేమో "ఎండల కూసో, డి అదే వస్తది" అంటరు. కిడ్నీ మందులకు తోలు నాజూకైతది, మిట్ట ఎండ తగలనీయొద్దని డాక్టర్ మాట. రామచంద్రం గొడుగు వట్టుకొని పోతే పిల్లలు నవ్విండ్రు. ఇగ ఇల్లు కదులుడు బంద్ చేసిండు.

పరశురాములు గోలితోటి ఆగలే.

"తమ్మీ, ఉడకవెట్టిన గుడ్డు తింటే ఏమైతదే?"

"ఏమైతది? కడుపు నిండుతది."

"నాకు భయమైతుంది. ముందు నువ్వు తిని చూడు."

"మీ ఇంట్ల వదిన లేదా? ఆమెనడుగు!"

"మీ వదినకు నేనంటేనే పడదు, గుడ్డు సంగతేం చెప్తది?"

ఒక ఆదివారం తొమ్మిదైనా ఫోన్ మోగలే. రామచంద్రం మూడుసార్లు ఫోన్ తీసి చూసిండు, గోలి చేతులనే ఉంది. మోగంగనే ఎగిరిండు: "ఏందన్నా, వారం తెలవకుంటనే గింత పొద్దెక్కిచ్చినవా?"

నాలుగు నెలలకు ఇద్దరూ కలిసి డాక్టర్ భవ్యశ్రీ రూంలకు పోయిండ్రు. ఆమె కాగితం చూసి నవ్వింది. "రామచంద్రం, తొమ్మిదున్న విటమిన్ డి ముప్పై ఒకటికొచ్చింది!"

"ఈ అన్న పుణ్యం మేడం. ఇద్దరం ఒక్కసారే ఏసుకుంటం."

డాక్టర్ నవ్వు ఆగిపోయింది. "పరశురాములూ! కాల్షియం ఎక్కువైందని మీకా గోలి బంద్ చేసి ఆర్నెళ్లాయె. ఇంకా మింగుతున్నరా?"

"ఒట్టు మేడం! ఒక్కటి గూడ మింగలే!"

పరశురాములు గోడ మీది కిడ్నీ బొమ్మను కొత్తగ చూసినట్టు చూస్తుండు.

బయటికొచ్చినంక రామచంద్రానికి దవఖాన బెంచి మీది మొదటి దినం యాదికొచ్చింది. "నీకు గోలి యాది చేయాల్నా తమ్మీ?" అని ఈయన అడిగితే, "నేనేమన్న చిన్నపిల్లగాన్నా?" అని అందరి ముంగట తనే కసిరిండు.

"అన్నా, బుధారం మా ఇంటికి బువ్వకు రా. నేనే వండుత" అన్నడు. అవ్వ పోయినంక ఆ ఇంట్ల రెండో కంచం వెట్టలే.

"బుధారం కుదరదు తమ్మీ, ధర్మపురి కొమురెల్లికి రక్తపరీక్ష ఉంది, యాది చేయాలె. గురువారం లీలాబాయి గోలి. శుక్రారం పగటి బువ్వకు వస్త, ఉప్పు తక్కువెయ్యి" అని గడగడ చెప్పి, పరశురాములు నాలిక కరుచుకున్నడు.