మురికికి పైసలు వేరే

ఆ రోజుల్లో నాకు తెలివి తక్కువ, ఉత్సాహం ఎక్కువ. (ఇప్పుడు ఉత్సాహం కూడా అంతంతమాత్రమే.) వైరాలో కొత్తగా ఉద్యోగంలో చేరగానే పాత వెండి రూపాయల పిచ్చి పట్టుకుంది. ఖమ్మంలో నాణేలు సేకరించేవాళ్లంతా ఆదివారాలు ఒకరింట్లో చేరేవాళ్లు. వాళ్ల పెద్దాయన్ని అందరూ భూతద్దం సారు అనేవాళ్లు. నేను ఎలాగో ఆరు రాణి బొమ్మ రూపాయలు సంపాదించి, పూజ సామాను తోమినట్టు చింతపండూ బూడిదా పెట్టి చేతులు పడిపోయేలా తోమి, మీసం మెలేసుకుంటూ పట్టుకుపోయాను. సారు అద్దం పెట్టి చూసి, "ఏంది తమ్మీ గిది? రాణి ముక్కు నువ్వే తిన్నవా?" అన్నారు. నాణెం విలువ మెరుపులో ఉండదట, అచ్చు అరగకుండా, ఏళ్ల తరబడి పట్టిన నలుపు చెదరకుండా ఉండాలట. "ఒక్కటన్న మంచిది తే, గప్పుడే ఈడ కూసో" అని తేల్చేశారు. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది.

నెల తిరక్కుండా, భద్రాచలం దారిలో అడవి అంచున జరిగే సంతకు మా బావతో వెళ్లాను. (అక్క మొగుడు. నా పిచ్చి మీద జోకులెయ్యడమే ఆయన కాలక్షేపం.) చింతపండు అమ్మే ఒక అవ్వ కొంగుముడి విప్పి నాలుగు రూపాయలు చూపించింది. మూడు తళతళలాడుతున్నాయి. నాలుగోది బొగ్గులా నల్లగా ఉంది, కానీ రాణి చెంప, ముక్కు, కిరీటం అన్నీ ఉన్నచోటే ఉన్నాయి! నా చూపు చూసి అవ్వ, "ఆగు బిడ్డా, జల్దీ కడిగిస్త" అని చింతపండు ముద్ద అందుకుంది.

"వద్దవ్వా! కడగకు!" అని నేను పెట్టిన కేకకు పక్కన కోళ్లమ్మే అతని గంపలో కోళ్లు గోల చేశాయి.

అవ్వ తాపీగా ముద్ద కింద పెట్టింది. "అయితే దీనికి రెండింతలియ్యాలె."

"మురికిదానికి ఎక్కువేందవ్వా?"

"నీ కేక ఇన్న గద బిడ్డా. మురికికి పైసలు వేరే."

బావ పొట్ట పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. నేను మాత్రం అడిగినంతా లెక్కపెట్టి ఇచ్చేశాను.

ఆదివారం సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. చివరికి, "అవ్... రాణి ఎంటికలు గూడ లెక్కపెట్టొచ్చు. ఇంత మంచిది నా దగ్గర గూడ లేదు" అని తన పక్కనే కుర్చీ లాగి, "కూసో తమ్మీ" అన్నారు. కూర్చున్నాను! మహారాజులా కూర్చున్నాను. తిరుగు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా వైరా దాకా నిలబడే వచ్చాను, ఆ కుర్చీ తర్వాత ఇంకో సీటు కంటికి ఆనలేదు.

తర్వాత అంతకన్నా అరుదైనవి చాలానే దొరికాయి. ఇప్పుడు ఎంత నచ్చినా మొహంలో తెలియనివ్వను, అన్నీ తక్కువకే తెచ్చుకుంటున్నాను. సంతలో కేక పెట్టిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది. అంత గట్టిగా నేను మళ్లీ దేనికీ అరవలేదు.