హెల్మెట్ మీద చెయ్యి

దయ్యం లేదు, గాలి లేదు, ధూళి లేదు. మా ఇంట్లో ఈ మాట మీద అందరితో గొడవ పడేది నేనే. మా అన్న పడినప్పుడు చుట్టాలు తాయెత్తు కట్టిద్దామంటే కసిరి పంపించాను. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. పైగా దయ్యం అనడానికి మా అన్న చనిపోలేదు కూడా.

మేం హఫీజ్‌పేట్‌లో కిరాయికి ఉంటాం. అన్న, వదిన, నేను. నాకు బైకు నేర్పింది అన్నే. ఆదివారం పొద్దున హైటెక్ సిటీ ఆఫీసు రోడ్లు బోసిపోయి ఉంటాయి కదా, ఈ చుట్టుపక్కల సగం మంది బండి నేర్చుకునేది అక్కడే. నేరుగా బాగానే పోయేవాణ్ని, మలుపు వస్తే చాలు, చచ్చేంత భయం. డివైడర్ వైపే చూసేవాణ్ని. బండి దాని మీదికే పోయేది.

"ఎటు జూస్తే బండి అటే పోతది తమ్మీ. గోడను జూస్తే గోడకే పోతవ్. మలుపుకు ముందే స్పీడు తగ్గించు, వంగినంక బ్రేకు ముట్టకు, పోవాల్సిన దిక్కు జూడు" అనేవాడు వెనక కూర్చుని. వినకపోతే నా హెల్మెట్ మీద అరచెయ్యి పెట్టి, సీసా మూత తిప్పినట్టు నా తలను మలుపు చివరికి తిప్పేవాడు. నాకు ఒళ్ళు మండేది. "చిన్నపిల్లగాన్నా అన్నా?" అని అరిచేవాణ్ని. నవ్వేవాడు.

అట్లాంటి మనిషి మలుపులోనే పడ్డాడు. తప్పు తనది కాదు. ఏదో లారీ ఇసుక ఒలకబోసి పోయింది, ముందు చక్రం జారింది. మెడ దగ్గర దెబ్బ. మాట ఉంది, తెలివి ఉంది, మెడ కింద ఏదీ కదలదు. ఒక్క కుడిచేతి వేళ్ళు మాత్రం కొద్దిగా ఆడేవి. ఆ చెయ్యి వస్తే మీట నొక్కి నడిపే కుర్చీలో తనంతట తాను బయటికి పోవచ్చని దవాఖానలో చెప్పారు. ఇగ మా ఇంట్లో అందరి బతుకూ ఆ వేళ్ళ మీదే. వదిన రోజూ మెత్తటి బంతి ఆ చేతిలో పెట్టి "నొక్కు, జర నొక్కు" అంటూ కూర్చునేది.

ఒకరోజు మధ్యాహ్నం, అప్పుడే వాన వెలిసింది. ఆఫీసు నుంచి ఇంటికి వస్తున్నాను. ఫ్లైఓవర్ దిగే మలుపులో ఒక బస్సు చెడిపోయి ఆగి ఉంది. వెనక గుర్తుకు ఒక చెట్టు కొమ్మైనా పెట్టలేదు, మహానుభావులు. నా బండి అప్పటికే వంగి ఉంది. పక్కనుంచి పోయేంత దారి ఉంది. కానీ నా కళ్ళు ఆ బస్సుకే అతుక్కుపోయాయి. బండి అటే పోతోంది. తడి రోడ్డు, వేళ్ళు బ్రేకు మీదికి పోయాయి. అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు హెల్మెట్ మీద చెయ్యి పడింది. బరువు తెలిసింది. నా తల పక్కకు తిరిగింది. నేను తిప్పలేదు, ఒట్టు. దారి కనబడింది, బండి అందులోంచి వెళ్ళిపోయింది. కిందికి దిగాక ఆపి వెనక్కి చూశాను. సీటు మీద ఎవరూ లేరు. భయం కాదు, ఏడుపొచ్చింది.

ఇల్లు చేరేసరికి వదిన గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"తమ్మీ, మీ అన్న చెయ్యి లేపిండు! ఇందాక, వాన ఆగినంక! లేపి, మూత తిప్పినట్టు తిప్పిండు. నా కండ్లతోటి చూసిన!"

దారిలో జరిగింది నేనింకా ఎవరికీ చెప్పలేదు. ఆమె పక్కింటివాళ్ళను కూడా పిలిచి అందరి నోట్లో చక్కెర పోసింది.

లోపలికి వెళ్ళాను. అన్న చెమటతో తడిసి, వాడిపోయి ఉన్నాడు. నన్ను చూసి ఒకటే అడిగాడు.

"మలుపు దాటినవా?"

తెల్లారి అడిగితే, అట్లా అన్నట్టే గుర్తులేదన్నాడు. నిద్రలో ఉన్నానేమో అన్నాడు.

ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. అంతకుముందు ఆడే వేళ్ళు కూడా ఆ రోజు నుంచే ఆగిపోయాయి. దవాఖానలో పరీక్షలన్నీ చేసి, ఇగ ఆశ పెట్టుకోవద్దన్నారు. ఉన్న కాస్తా ఎందుకు పోయిందంటే వాళ్ళ దగ్గర జవాబు లేదు.

భ్రమ అనుకుందామంటే వదిన చూసింది. నిజమనుకుందామంటే, ఆ చేతిలో మిగిలిన కొద్ది బలం నా మీద ఖర్చయిపోయిందని ఒప్పుకోవాలి. అట్లా ఒప్పుకోవడం నా వల్ల కాదు. వదినకు ఇప్పటికీ చెప్పలేదు.

ఆమె ఇంకా రోజూ ఆ బంతి అన్న చేతిలో పెట్టి "జర నొక్కు" అంటుంది. బంతి దొర్లి కింద పడుతుంది. నేను తీసి ఇస్తాను.