ఏటి అవతల గట్టిమేళం

నా పెళ్ళికి తెనాలి మేళమే కావాలని ఊహ తెలిసినప్పటినుంచీ నా కోరిక. నాన్న వెళ్ళి మాట్లాడి వచ్చారు కూడా. తీరా ఫాల్గుణంలో ముహూర్తం కుదిరేసరికి మా లంకలో కొంగలు పిల్లల్ని చేసి ఉన్నాయి.

అరవైల చివర మాట. పెనుమూడి దగ్గర కృష్ణకి వంతెన లేదు, పడవలే. రేవుకి ఎదురుగా ఏటి మధ్యన చిన్న లంక మాది. మా దొడ్డి వెనక తుమ్మతోపు నిండా కొంగల గూళ్ళే. అంతకు ముందు ఏడు ఊరేగింపు డప్పులకి పెద్ద పక్షులన్నీ బెదిరి లేచిపోయాయి. అవి తిరిగి వాలేలోగా కాకులు గూళ్ళు ఖాళీ చేసేశాయి. ఆ రోజు మా ఆడవాళ్ళకి అన్నం సయించలేదు. అప్పుడే కట్టుబాటు చేసుకున్నారు. పిల్లలు ఎగిరేదాకా లంకలో మేళం, డప్పు మోగకూడదు. తోపులో పుల్ల విరవకూడదు. రోజుకో ఇంటివాళ్ళు కాపలా కూర్చుని కాకుల్ని తోలాలి, జారిపడ్డ పిల్లని మళ్ళీ గూట్లో పెట్టాలి. ఈ కట్టుబాటు చేసిన పెద్దల్లో మా నాన్న ఒకరు. ఇక నేనెవరి మీద అలగను? కొంగల మీదే అలిగాను.

బాపట్ల నుంచి పెళ్ళివారు దిగారు. సంగతి వినగానే కాబోయే అత్తగారు కూర్చున్నచోటి నుంచి లేచారు.

"ఇదేం పెళ్ళండీ అన్నయ్యగారూ! తాళి కట్టేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఏంటి గతి? గట్టిమేళం వినపడకుండా మావాడు తాళి కట్టడు."

నాన్న ముఖం వాడిపోయింది. అది చూసి కొంగల మీద కోపం ఎటు పోయిందో, నాకు ఏడుపొచ్చేసింది. కాసేపటికి ఆయనే ఒక దారి చెప్పారు.

"మేళంవాళ్ళు రేపల్లెలో రైలు దిగి పెనుమూడి రేవులో ఉన్నారండి, చెల్లెమ్మగారూ. అక్కడే వాయిస్తారు. వేళకి మా బావమరిది గట్టున నిలబడి పంచె ఊపుతాడు. కొంగలు బెదిరేంత కాకపోయినా, నీళ్ళ మీద చప్పుడు బాగానే వస్తుందండి."

"వినపడితే సరే," అన్నారావిడ.

ముహూర్తానికి మావయ్య పంచె ఊపాడు. అవతల డోలు మీద చేతులు ఆడుతున్నాయని గట్టు మీదివాళ్ళు సైగ చేశారు. గాలి మాత్రం ఇటునుంచి అటు కొడుతోంది. ఒక్క దెబ్బ వినపడలేదు. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని వాళ్ళమ్మ వంక చూశాడు. పందిట్లో అందరూ ఆవిడ వంకే చూస్తున్నారు. నాన్న తల ఎత్తలేదు. పెళ్ళి ఇక్కడితో ఆగిపోతుందనుకున్నాను.

ఆవిడ తోపు వైపు చూస్తున్నారు. మంచి ఎండ వేళ. దగ్గరి కొమ్మ మీద ఒక తల్లికొంగ రెండు రెక్కలూ విప్పి పిల్లలకి నీడ పట్టి నిలబడింది. నోరు తెరిచి రొప్పుతోంది గానీ అక్కణ్ణుంచి కదలడం లేదు.

"వినపడుతోందిగా," అన్నారు అత్తగారు, గొంతు బాగా తగ్గించి. "కట్టు నాన్నా."