వీపులు చూసి రాసిన జాబులు

నాటకం చూడమని ఎవరైనా పిలుస్తారు. నాటకం చూడొద్దు, చూసేవాళ్ళను చూడు అని పిలిచింది మాత్రం నా స్నేహితురాలు ఒకత్తే.

మేమిద్దరం చిత్తూరులో ఒకే కాలేజీలో, ఒకే బెంచీలో కూర్చున్నోళ్ళం. చదువైనాక నేను పాకాలలో స్టేషన్ దగ్గర జాకెట్లు కుట్టే అంగడి పెట్టుకున్నాను. నా స్నేహితురాలు సూళ్లూరుపేట పక్కన ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో చేరింది. హాస్టల్లో ఉంటా, షిఫ్టుకూ షిఫ్టుకూ నడుమ నాటకం రాయడం మొదలుపెట్టింది. రాసేదానికి ఎట్లో తీరిక చేసుకునేది గానీ, దాన్ని ఎవరైనా ఎప్పుడైనా వేస్తే చూసేదానికి సెలవిచ్చేవాళ్ళు లేరు. అందుకని ఆ పని నా నెత్తిన పెట్టింది.

"నువ్వు చివరి వరసలో కూర్చో మే. స్టేజీ వైపు చూడొద్దు. ఎవరు యాడ కదిలినారు, ఎవరు టీకి లేచినారు, లేచినోళ్ళు మళ్ళీ వచ్చినారా లేదా, అది నాకు రాయి" అనింది.

అయిపోంగానే ఫోన్ చేస్తాను లేవే అంటే ఒప్పుకోలేదు. ఫోన్లో తన గొంతు వింటే నాకు జాలి పుడుతుందంట, బాగుండాది అనేస్తానంట. కాగితం మింద నేను అబద్ధం రాయలేనని దానికి తెలుసు. ఆ మాట నిజమే. నాకు నోటికొచ్చిన అబద్ధం చేతికి రాదు. పరీక్షల్లో కూడా తెలియని ప్రశ్నకు ఖాళీ వదిలేసి వచ్చిన మనిషిని నేను.

నన్నే ఎందుకు ఎంచుకుందో కూడా చెప్పింది. రోజంతా ఆడోళ్ళ వీపులు కొలిచేదాన్ని గదా, చివరి వరసలో కూర్చుంటే కనబడేవి వీపులే. నేను నవ్వి ఊరుకున్నాను. తర్వాత చూస్తే దాంట్లో విషయం ఉండాది. మనిషి మనసు పెట్టి వింటా ఉంటే జాకెట్టు వీపు మింద బిగువుగా నిలబడుతుంది. విసుగు పుడితే భుజం జారి, నడుము దగ్గర ముడత పడుతుంది. ఇన్నేళ్ళూ ఆ ముడత నా కుట్టులోని లోపమనుకున్నాను.

నాటకం కథ చిన్నది. హాస్టల్లో ఒక మంచం. పగలు షిఫ్టుకు పోయే పిల్ల రాత్రి దాని మింద పడుకుంటుంది, రాత్రి షిఫ్టు పిల్ల పగలు పడుకుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. దుప్పట్లో మిగిలిన వెచ్చదనం, దిండు మింద వెంట్రుక, ఒక దువ్వెన, వీటితోనే ఒకరి మింద ఒకరు అలుగుతా ఉంటారు. దాని హాస్టల్లో జరిగేదే అది. నేను చదివి, బాగుండాది, కానీ మనుషులు ఇద్దరు, మంచం ఒకటి, ఎవరు చూస్తారే అన్నాను. అది చూద్దామనే గదా నిన్ను పంపేది అనింది.

మొదటిసారి ఏర్పేడు దగ్గర ఒక పల్లెలో ఊరోళ్ళే కొంతమంది చేరి వేసినారు. తోడుకు మా ఇంటాయన వచ్చినాడు. ఆయనకు సినిమా హాలైనా, పెళ్ళి మండపమైనా కుర్చీ దొరికితే కునుకే. మొదటి రంగం కాకముందే తల వాల్చేసినాడు. నేను మాత్రం బుద్ధిగా వీపులు చూస్తా కూర్చున్నాను. రెండో రంగంలో పగటి పిల్ల నిలబడి కూలి గురించి, కంపెనీల గురించి పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టింది. ముడతలు ఒకటొకటే పడినాయి. బయట మిరపకాయ బజ్జీల వాసన వచ్చింది. ముందు మొగోళ్ళు లేచినారు, వెనకనే పిల్లల్ని చంకనేసుకోని ఆడోళ్ళు లేచినారు. ఆఖరికి సగం కుర్చీల్లోనే జనం మిగిలినారు, వాట్లో ఒకదాంట్లో మా ఇంటాయన.

ఉన్నదున్నట్టు రాసి పంపినాను. మా ఇంటాయన నిద్ర కూడా రాసినాను. పోస్టు డబ్బాలో వేసినాక చెయ్యి లోపలికి పెట్టి తీసుకుందామా అనిపించింది. పాపం, ఎన్ని రాత్రులు కూర్చోని రాసిందో.

దాని జవాబు చూస్తే ఏడుపు లేదు, కోపం లేదు. ఒట్టి ప్రశ్నలే. బజ్జీకి పోయినోళ్ళు తింటా నాటకం గురించి ఏమైనా అనుకున్నారా? ఎవరైనా లేవబోయి మళ్ళీ కూర్చున్నారా? ఎందుకు కూర్చున్నారు? నేను బుర్ర గోక్కోని గుర్తుచేసుకున్నాను. ఒక అవ్వ ఉండింది. లేచి కొంగు దులుపుకుంటా ఉంటే, స్టేజీ మింద రాత్రి పిల్ల దువ్వెన కోసం మంచం కింద వెతుకుతా ఉండింది. ఆ అవ్వ అట్లే నిలబడిపోయి, పక్కనామెను ఆ దువ్వెన ఎవరిది అని అడిగింది. మళ్ళీ కూర్చుంది. అదే రాసినాను.

దాని తర్వాత జాబుల్లో ఇంగ దువ్వెనే. అవ్వ ఏ దువ్వెన అనుకుంది, మొగోళ్ళకు అర్థమయిందా, మా అంగడికి వచ్చేవాళ్ళు వేరేవాళ్ళ దువ్వెన వాడతారా. నేను కొలతలు తీసుకుంటా వచ్చినోళ్ళందర్నీ అడిగేదాన్ని. ఒకామె ఆడబిడ్డ దువ్వెన గురించి మొదలుపెట్టి, జాకెట్టు సంగతే మర్చిపోయి వెళ్ళిపోయింది. అది కూడా రాసినాను. ఆ ఉపన్యాసం మొత్తం కొట్టేసి, నాటకం మళ్ళీ రాసింది నా స్నేహితురాలు.

రాసింది సరే, వేసేదెవరు? తిరుపతిలో నాటకాలాడే ఒక బృందం పెద్దాయన దగ్గరకు పోతే, మొగ పాత్ర లేకుండా ఎట్లామ్మా, ఒక పాటైనా పెట్టు అన్నాడంట. ఇదేమో పెట్టనని చెప్పి వచ్చేసింది. ఆ తర్వాత చాన్నాళ్ళకు ఆయనే పిలిచినాడు. వేరే నాటకం సెట్టుకు లారీ దొరకలేదంట, దీనికైతే ఒక మంచం ఆటోలో వేసుకోని పోవచ్చు. మన రాతను ఎత్తి చూసి తేలిగ్గా ఉండాదని ఒప్పుకున్నారే మే అని రాసింది. దాని అదృష్టానికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

అదే జాబులో అసలు సంగతి ఉండింది. ఫ్యాక్టరీలో దాన్ని ఒక వరస పిల్లలందరికీ పైన లైన్ లీడర్ చేస్తామన్నారు. వాళ్ళమ్మకు మహా సంతోషం. కానీ లైన్ లీడరైతే ఆదివారాలు కూడా ఫ్యాక్టరీవే, కాగితం ముట్టుకునే పొద్దుండదు. తిరుపతి నాటకం అయిన మరుసటి రోజుకల్లా ఏదో ఒకటి చెప్పాల. "నీ జాబు చూసి చెప్తాను. జనాలు లేచిపోతే నేనూ లేచిపోతాను. ఉత్త పిచ్చితో ఇంత బతుకు పోగొట్టుకోలేను" అని రాసింది. అది చదివినాక నాకు ఆ పూట కత్తెర సరిగా ఆడలేదు.

తిరుపతిలో నాటకం ఆదివారం పగటిపూట. నా స్నేహితురాలికి ఆ ఒక్క ఆదివారం షిఫ్టు వేసినారు. మా ఇంటాయన్ని ఇంట్లో వదిలేసి, నేనొక్కదాన్నే పోయి చివరి వరసలో కూర్చున్నాను. హాలు చానా మటుకు నిండింది. వీపులు లెక్కగా చూడాలని గట్టిగా అనుకున్నాను. పరదా లేచింది.

నేను చదవని నాటకం కాదు. ప్రతి మాటా నాకు జాబుల్లో వచ్చిందే. అయినా కొత్తగా వింటా ఉన్నట్టే ఉండింది. పగటి పిల్లకు జ్వరమొచ్చి మంచం దిగలేకపోయింది. రాత్రి పిల్ల షిఫ్టు ముగించుకోని నిద్రమొగంతో వచ్చింది. తన మంచంలో ఎవరో పడుకోని ఉండారు. లేపుతుందా? గొడవ పడుతుందా? ఆ పిల్ల దిండు దగ్గరున్న దువ్వెన తీసుకుంది. నేల మింద కూర్చోని, జ్వరంలో ఉన్న పిల్ల జుట్టు చిక్కులు మెల్లగా తీస్తా ఉంటే దీపాలు ఆరిపోయినాయి.

హాల్లో వెలుతురు వచ్చినాక గానీ నాకు గుర్తు రాలేదు. నేను ఒక్క వీపు కూడా చూడలేదు.

జాబు పోస్టులో వేస్తే అందే పొద్దు లేదు. అందుకని చేత్తోనే ఇద్దామని తిరుపతి స్టేషన్లో కూర్చోని రాసినాను. రైలు మారి సూళ్లూరుపేటలో దిగేసరికి తెల్లారింది. వస్తా ఉండానని మాత్రం ఫోన్లో చెప్పినాను, అది షిఫ్టుకు పోయేముందు స్టేషన్‌కే వచ్చి, బెంచీ మింద నా పక్కన కూర్చుంది. ఒక్క మాట మాట్లాడొద్దని సైగ చేసి జాబు విప్పింది. రెండు వాక్యాలే. వెనక్కి తిప్పి చూసింది.

"అంతేనా?"

"అంతే."

"ఎంతమంది లేచినారు?"

"తెల్దు."

"టీ అంగడి యాడుండాది ఆ హాలు దగ్గర?"

"తెల్దు మే."

"నీ పక్కన కూర్చున్నదెవరు? ఆడమనిషా, మొగమనిషా?"

నేను నిజంగా ఆలోచించినాను. సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. "తెల్దంటే తెల్దు. నేను నాటకమే చూసినాను. తప్పు నాది కాదు, నీది" అన్నాను. జాబులో రాసిన రెండు వాక్యాలూ ఆ చివరివే.

అది ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి గానీ తుడుచుకోలేదు. ఆ తర్వాత నెమ్మదిగా, ఇంగ నేను ఆ పనికి పనికిరానని చెప్పింది. వచ్చేసారికి మా ఇంటాయన్ని పంపమనింది, ఆయన మేలుకోని ఉంటే చాలంట, జాబు కూడా అక్కర్లేదంట. వీపులు చూసే ఉద్యోగం ఊడినా నాకు సంతోషంగానే ఉండింది.

తిరిగి వచ్చే రైలు కదిలింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ముందు రోజు పగటి నుంచి లోపల తొలుస్తా ఉన్న సంగతి. కిటికీలో నుంచి తల బయటపెట్టి అడిగినాను.

"మే, ఆ జ్వరం పిల్ల కండ్లు తెరిచినాక ఏమనింది?"

అది ప్లాట్‌ఫారం మింద నా కిటికీతో పాటు నడుస్తా ఉండింది.

"నాకూ తెల్దు. ఇప్పుడు పోయి లైన్ లీడర్ వద్దని చెప్పేసి వస్తా, రాస్తే గదా తెలిసేది" అనింది.