సూర్యప్రభ మారుతాళంచెవి

ఫలక్‌నుమాలోని ఆ చిన్న ఆసుపత్రిలో రక్తపరీక్షల గది చూసుకునే సూర్యప్రభ, తాళం వేస్తే రెండుసార్లు లాగి చూడందే కదలదు. చక్కెర డబ్బా దాచే బీరువా మారుతాళంచెవిని కొంగున ముడేసుకుంటుందే గాని తోటివాళ్లెవరికీ ఇవ్వదు. ఆసుపత్రి కంప్యూటర్లను కలిపే, గోడనున్న నెట్‌వర్క్ స్విచ్ పెట్టెకూ ఆమెదే కాపలా. మునుపొకసారి ఎవరో ఊరికే ప్లగ్గు పీకితే స్విచ్ సెట్టింగులన్నీ పోయాయి. రిపోర్టులు డాక్టర్ల గదులకు చేరక, పరగడుపున రక్తమిచ్చినవాళ్లు సాయంత్రం దాకా కూచున్నారు. వాళ్లకు ఆమే టీ కాచి పోసింది.

ఇవాళ స్విచ్ మొరాయిస్తే, దాన్ని బాగుచేసే సాలెహ్ బార్కస్ నుంచి వచ్చాడు. ఆపేముందు దానికి తన ల్యాప్‌టాప్ తగిలించాడు.

"ఏంది భాయ్, మా సెట్టింగులు ఎత్కపోతున్నవా?" అంది ఆమె కళ్లు చిన్నవి చేసి.

"నకలు తీస్తున్న అమ్మా. స్విచ్చిల సేవ్ చేసిన. అయినా ఆపినంక అది మర్చిపోయిందనుకో, దీంట్లకెల్లి మళ్లెక్కిస్త."

అతను స్విచ్ ఆపి మళ్లీ వేశాడు. ఆమె దేవుణ్ణి తలుచుకుంటూ, అతని చేతుల మీంచి చూపు తిప్పలేదు. పచ్చదీపాలు వెలిగాయి. డాక్టర్ గదిలో రిపోర్టు తెరుచుకుంది.

"ఇగో, మీ ముందటనే నకలు తుడిచేస్త. ఫికర్ తీరిందా?"

సూర్యప్రభ కొంగుముడి తడుముకుంది.

"ఉండనీ భాయ్. ఒకటి నీ దగ్గర గూడ ఉండనీ."

అతను మెట్లు దిగగానే స్విచ్ పెట్టెకు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసింది.