ధర్మవరంలో పన్నెండు నిమిషాలు

మంచుకొండల మీది సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండూ పది. వీపు మీద ఇరవై రెండు కిలోల సామాను. మొదటి ఆర్డరు: మూడు రోజులు పరుగెత్తవద్దు, గట్టిగా నవ్వవద్దు. ఊపిరి అందదు. ఎవరినీ నవ్వించవద్దని నాకొక్కడికే ఇంకో ఆర్డరు. సుబేదారుగారే ఇచ్చారని చెబుతుంటాను. కాగితం మీద మాత్రం ఉండదు.

బంకర్‌లో ఆరుగురం. అందులో తెలుగువాళ్లం ఇద్దరమే, నేనూ వంటాయనా. ఆయనది హిందూపురం. ఇంటికి పోయి పదకొండు నెలలు.

మంచు కురిసే రోజుల్లో డ్యూటీ లేనివాళ్లం కిరోసిన్ పొయ్యి చుట్టూ చేరేవాళ్లం. రేడియో ఆపరేటర్ ల్యాప్‌టాప్‌లో పాత రష్యన్ యుద్ధం సినిమా ఒకటి ఉండేది. రంగులు లేవు, కింద అక్షరాలూ లేవు. నాకు రష్యన్ వచ్చని అప్పటికే కోతలు కోసి ఉన్నాను. అర్థం చెప్పే పని నా మీద పడింది.

ఒక సిపాయికి సెలవు దొరుకుతుంది. అమ్మను చూడటానికి బయలుదేరతాడు. దారే సెలవంతా తినేస్తుంది. ఊరు చేరాక అమ్మను పట్టుకుని నిలబడేంత సమయమే మిగులుతుంది. అది బొమ్మ చూస్తేనే తెలుస్తుంది. కానీ వంటాయన మొహం చూసి నోరు రాలేదు.

"ఆఫీసరు ఇంకో పది రోజులు ఇచ్చినాడు" అన్నాను.

"పది రోజులిస్తే ఆయమ్మ ఏంటికప్పా ఏడుస్తాండాది?"

"సంతోషం."

"వాడు లారీ ఎక్కి పోతాండాడే?"

"సరుకులు తేనీకి."

ఆయన లేచి పొయ్యి మీద టీ నీళ్లు పెట్టాడు.

ఎండలు మొదలయ్యాక మా యూనిట్‌ను బెంగళూరుకు మార్చారు. స్పెషల్ రైలు. పొద్దున ఆరూ నలభైకి గుంతకల్లులో అమ్మకు ఫోన్ చేశాను. ఆమె ధర్మవరంలో మగ్గాల మీద అచ్చు అతుకుతుంది. అంటే అయిపోయిన పట్టుపడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపడం. జారకుండా వేళ్లకు బూడిద రాసుకుంటుంది. మధ్యలో వదిలితే పోగులు చిక్కుపడతాయని అన్నానికి కూడా లేవదు.

"అమ్మా, పది గంటలకు ధర్మవరంలో మా బండి ఆగుతుంది. పన్నెండు నిమిషాలు."

"ఆగుతుందిలే. పోయిన తూరి హెలికాప్టర్ మన మిద్దె మీద దింపుతానంటివి. మిద్దె ఊడ్చి కూర్చుంటిని."

ఫోన్ వంటాయనకు ఇచ్చాను.

"నిజమేనమ్మా, ఈసారి" అన్నాడు.

"నువ్వెవురు నాయనా? వాని కోతలకు తాళమేసేవానివా? ఈడ అచ్చు అతకల్ల, ఫోన్ పెట్టేయి."

కోతలు కోసినందుకు నాకు భయమేసింది అదే మొదలు.

పదీ నాలుగుకు బండి ఆగింది. ప్లాట్‌ఫారం దాటకూడదని ఆర్డరు. చీరల మూటలు, టీ క్యాన్‌లు, జనం. అమ్మ లేదు. వంటాయన వాచీ చూస్తూ నిమిషాలు చెబుతున్నాడు. నాలుగు. ఆరు. ఎనిమిది. నేనింక ఆపమన్నాను.

పదీ పదమూడుకు వంతెన మెట్లు దిగుతూ కనబడింది. కాళ్లకు చెప్పులు లేవు.

"నమ్మి రాలేదురా. అబద్ధమైతే బాగా తిడదామని వచ్చినా."

"మరి అచ్చు?"

"చిక్కు పడిందిలే. మళ్లా అతుకుతా."

నా చొక్కా చెయ్యి పట్టుకుంది. ఎన్నో కథలు దాచిపెట్టుకుని వచ్చాను, ఒక్కటీ గుర్తు రాలేదు. పదీ పదహారుకు బండి కదిలింది.

బండి పెనుకొండ దాటింది. హిందూపురంలో బండి ఆగలేదు, నెమ్మదించిందంతే. వంటాయన తలుపు దగ్గర నిలబడి తన వీధి కొస కనబడి మాయమయ్యేదాకా చూశాడు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నిజం చెప్పన్నా. ఆ సినిమాలో ఆ యబ్బికి పది రోజులిచ్చినారా?"

"లేదు."

"నాకు అప్పుడే తెలుసు." తన సంచి సీటు కిందికి తోశాడు. "అయినా సరుకులు తెచ్చే ఉంటాడులే."

సర్వీసు ముగించుకుని ధర్మవరం వచ్చేశాను. టీ బంకు దగ్గర నేను చెప్పే యుద్ధాల్లో హెలికాప్టర్లు ఎక్కడంటే అక్కడ దిగుతాయి. ఈ పన్నెండు నిమిషాలకు మాత్రం ఏమీ కలపను. ఆకుపచ్చ చొక్కా చెయ్యి. దాని మీద అమ్మ నాలుగు వేళ్ల బూడిద. బెంగళూరు దాకా దులపలేదు.